లక్షల ల్యాప్‌టాప్ కన్నా లక్షణమైన అలవాటు ముఖ్యం

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా చాలా ఇళ్లలో ఒకటే చర్చ: పిల్లలకు ఏ ల్యాప్‌టాప్ కొనాలి? పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం కంపెనీల్లో షిఫ్టులు చేసే తల్లిదండ్రులు అప్పు చేసి మరీ లక్ష రూపాయల గేమింగ్ ల్యాప్‌టాప్ తెస్తున్నారు. ఆ వెంటనే మూణ్నెల్ల 'ఎథికల్ హ్యాకింగ్' కోర్సుకు మరో అప్పు. ఈ రెండూ ఉంటే సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం వచ్చినట్టేనని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం తప్పు. చేతిలో ఉన్న మెషీన్‌ను భద్రంగా, చురుగ్గా నడపడం రానివాళ్లకు పదిమంది మెషీన్లను ఏ కంపెనీ అప్పగించదు.

2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. అది వాడుకున్న లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వాయిదా వేసినవాళ్లలో ఎందరో ఫైళ్లు పోగొట్టుకున్నారు. 2020 అక్టోబరులో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు డాక్టర్ రెడ్డీస్ సంస్థ తన డేటా సెంటర్ సేవలన్నింటినీ విడగొట్టి ఆపాల్సి వచ్చింది. మన బొల్లారంలోనూ ప్లాంట్లున్న కంపెనీ అది. భద్రత అంటే సినిమాలో చూపించే హ్యాకింగ్ కాదు. అప్‌డేట్, బ్యాకప్, పాస్‌వర్డ్... ఈ మూడింటినీ రోజూ విసుగు లేకుండా చూసుకోవడమే అందులో సింహభాగం.

మన ప్రాంతంలో దీనికి మరో కోణముంది. అమెరికాకు మందులు పంపే ఫార్మా కంపెనీలు కంప్యూటర్ రికార్డుల విషయంలో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన '21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11' పాటించాలి. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఇద్దరు ఒకే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినా తనిఖీలో అది పెద్ద తప్పే. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చెప్పే ఆడిట్ ట్రయల్‌ను కాపాడటానికి, కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్‌కు మనుషులు కావాలి. ప్లాంట్ యంత్రాలను నడిపే పీఎల్‌సీ, స్కాడా సిస్టమ్‌లను చూసుకునేవాళ్లూ కావాలి. హైటెక్ సిటీ వైపే చూసేవాళ్లకు ఇంటి పక్కనున్న ఈ ఉద్యోగాలు కనిపించడం లేదు.

ఈ ఉద్యోగాలకు మొదటి ల్యాబ్ మీ కొత్త ల్యాప్‌టాపే. కొన్న రోజే విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తిచేయండి. రెండు ఖాతాలు పెట్టుకోండి: ప్రోగ్రాములు వేయడానికి అడ్మిన్ ఖాతా, రోజువారీ పనికి మామూలు ఖాతా. పొరపాటున చెడ్డ ఫైల్ తెరిచినా నష్టం చాలావరకు తగ్గుతుంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ విద్యార్థికి సరిపోతుంది. దానికి తోడు రెండేసి యాంటీవైరస్‌లు వేస్తే మెషీన్ నెమ్మదిస్తుంది. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. మెషీన్ ఎప్పుడైనా ఆ కీ అడిగినప్పుడు అది లేకపోతే మీ ప్రాజెక్టు ఫైళ్లు మీకే అందవు. వారానికోసారి బయటి డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసి, డ్రైవ్‌ను విడదీసి పెట్టండి.

వేగం సంగతీ అంతే. స్టార్టప్‌లో అనవసర ప్రోగ్రాములు ఆపండి, కంపెనీవాళ్లు వేసిచ్చిన ట్రయల్ సాఫ్ట్‌వేర్ తీసేయండి, డ్రైవ్‌లో అయిదో వంతు ఖాళీ ఉంచండి. ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ అక్కర్లేదు. 'పీసీ బూస్టర్' యాప్‌లు అసలే వద్దు. పరుపు మీద పెట్టి వాడితే గాలి ఆడక వేడెక్కి మెషీన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము ఎక్కువుండే మన ప్రాంతంలో ఫ్యాన్ శుభ్రం చేయించడం మరవొద్దు. కొనేటప్పుడు ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందో లేదో అడగండి. గ్రాఫిక్స్ కార్డుకు పోసే డబ్బు కన్నా అది మేలు.

ఇక అసలు ఉచ్చు. కొన్ని కోచింగ్ సెంటర్లు చేరిన రోజే పెన్‌డ్రైవ్‌లో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఇస్తాయి. 'యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చెయ్యి' అంటాయి. కాపలా తీయించి దొంగను లోపలికి పిలవడమిది. భద్రత నేర్పుతామని ఫీజు కట్టించుకుని మొదటి రోజే దాన్ని తీసేయించే చోట పిల్లలు నేర్చుకునేది తప్పుడు అలవాటే. లిబ్రేఆఫీస్ ఉచితం. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచిత లైసెన్స్ ఇస్తుంది. దొంగ సాఫ్ట్‌వేర్ వాడాల్సిన అవసరమే లేదు.

'కోర్సుతో ల్యాప్‌టాప్ ఫ్రీ', 'నూరు శాతం ప్లేస్‌మెంట్' ప్రకటనల వెనక చాలాసార్లు మీ పేరు మీద తీసుకున్న లోన్ ఉంటుంది. కోర్సు మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు. సంతకం పెట్టే ముందు లోన్ ఎవరి పేరు మీద, ఎన్ని నెలలు, మానేస్తే ఏమవుతుంది అన్నవి కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.

అర్హతల మాట: పది పాసైతే ఐటీఐలో ఏడాది కోపా (కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్, పాలిసెట్‌తో మూడేళ్ల డిప్లొమా, ఆపై ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. నన్నడిగితే ఎలక్ట్రానిక్స్ లేదా ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా, దానిపై నెట్‌వర్కింగ్ పట్టు... మన పరిశ్రమలకు సరిగ్గా సరిపోయే దారి ఇది. ఖర్చూ తక్కువ.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ల్యాప్‌టాప్ ధర చెప్పి చెప్పి పిల్లల్ని నిలదీయకండి. 'ఇంత పోసి కొన్నాం, ఎప్పుడు సంపాదిస్తావ్' అనే మాట ఏ బిడ్డకూ చదువు నేర్పలేదు, ఏ బిడ్డకూ ఉద్యోగం తేలేదు. ఆ ఒత్తిడికి భయపడే చాలామంది పిల్లలు ఆన్‌లైన్‌లో మోసపోయిన సంగతి కూడా ఇంట్లో చెప్పరు. ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది. తిట్లు పడతాయన్న భయం లేని ఇంట్లోనే పిల్లలు ఆ ఫోన్ సమయానికి చేస్తారు.