సముద్ర మార్గ శోధకులు



కొంతకాలము క్రిందట ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మమ్ము సమీపించి యిట్లడిగెను: "మాస్టారూ, మా నాన్న పనిచేసే నూనె ఓడ గల్ఫు దాటి రావాలట. ఆ నీళ్ళలో మందుపాతరలు ఉంటాయా? ఉంటే ఎవరు తీస్తారు?"

మొదటి ప్రశ్నకు నాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. రెండవదానికి సమాధానముగా ఈ పాఠమును వ్రాయుచున్నాము. గోపాలపురపు తీరమున పడవలను, వలలను చూచుచు పెరిగిన పిల్లలకును, కడుపున పుట్టినవారిని సముద్రము మీదికి పంపిన పెద్దలకును ఇది పనికివచ్చునని మా తలంపు.

సింధుశాఖ, ద్వీపము

అరేబియాకును ఇరానునకును నడుమ పారశీక సింధుశాఖ కలదు. మనవారు గల్ఫు అనునది దీనినే. దాని సగటు లోతు 50 మీటర్లకు మించదు. ఓడలు అందుండి వెలుపలికి వచ్చుటకు హోర్ముజ్ జలసంధి యొక్కటే త్రోవ. మిక్కిలి ఇరుకైన చోట ఆ జలసంధి వెడల్పు 40 కిలోమీటర్లయినను లేదు. లోతు తక్కువ, వాకిలి యొక్కటి. మందుపాతర పెట్టువానికి ఇంతకన్న అనువైన తావు అరుదు.

ఆ సింధుశాఖలోనిదే బహ్రైన్ ద్వీపము. పూర్వము అచటివారు ఊపిరి బిగబట్టి నీట మునిగి ముత్యపు చిప్పలను ఏరి జీవించుచుండిరి. 1932లో అచట నూనె బయల్పడెను. 1935లో బ్రిటిషు నౌకాదళము జుఫైర్ అను చోట స్థావరము నేర్పరచుకొనెను. మన కథ జరిగినది ఆ రేవునందే.

మైను అననేమి?

సముద్రమున పెట్టు మందుపాతరను నావికులు మైను అందురు. అందు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది అడుగున నున్న బరువునకు గొలుసుతో కట్టబడి, నీటి మట్టమునకు కొంచెము క్రిందుగా తేలుచుండును. ఓడ తగిలిన ప్రేలును. రెండవది అడుగున పడియుండును. పైన పోవు ఓడలోని యినుము వలన కలుగు అయస్కాంత ప్రభావమునో, యంత్రపు చప్పుడునో, నీటి ఒత్తిడిలోని మార్పునో కనిపెట్టి ప్రేలును.

వీనిని తొలగించుటకు రెండు పద్ధతులు కలవు. ఒకటి ఊడ్చుట. ఓడ తన వెనుక కత్తెరలు గల పొడవైన త్రాటిని ఈడ్చుకొని పోవును. అది మైను గొలుసును తెంపగా మైను పైకి తేలును. అప్పుడు దానిని తుపాకులతో కాల్చి ముంచుదురు. రెండవది వెదకుట. ఓడ మెల్లగా పోవుచు సోనార్ అను సాధనముతో నీటిలోనికి ధ్వనిని పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని బట్టి అడుగున నున్న వస్తువులను గుర్తించును. కాని పాత పీపాయి, తెగిన లంగరు, బండరాయి, ఇవన్నియు మైనువలెనే తోచవచ్చును. కావున గజ ఈతగానినో, కెమెరా గల చిన్న యంత్రమునో దింపి ప్రతిదానిని పరీక్షించవలెను. నిజముగా మైనే యైనచో దాని చెంత మందు ఉంచి దూరమునుండి ప్రేల్చుదురు.

ఇట్టి ఓడ తన యినుము చేతనే మైనును మేల్కొల్పరాదు గదా! అందుచే 1950వ దశకమున బ్రిటిషువారు కట్టిన 'టన్' తరగతి ఓడలకు కొయ్య పలకలు వాడిరి. తరువాతి 'హంట్' తరగతి ఓడల యొడలు గాజునారతోడను జిగురు పదార్థముతోడను చేసినది. ఆ ఓడ పొడవు 60 మీటర్లు. అందు పనిచేయువారు సుమారు 45 మంది.

దళము పోవుట, మరల వచ్చుట

1960వ దశకమున తొమ్మిదవ మైను దళము బహ్రైన్ రేవున నుండెను. దాని ఓడలు టన్ తరగతివి. 1971లో బహ్రైన్ స్వతంత్రమాయెను. ఆ సంవత్సరాంతమునకు బ్రిటిషు సేనలు సింధుశాఖను విడిచిపోయెను. దళము కథ ముగిసినదని నాడెవరైనను తలచియుందురు.

1980లో ఇరాను, ఇరాకుల నడుమ యుద్ధము మొదలయ్యెను. అది నూనె ఓడల మీదికి ప్రాకెను. 1987 జూలై 24న బ్రిడ్జిటన్ అను పెద్ద నూనె ఓడ, అమెరికా యుద్ధనౌకలు తోడుగా వచ్చుచుండగనే, మైనునకు తగిలెను. మరునెలలోనే బ్రిటను తన మైను ఓడలను మరల ఆ జలములకు పంపవలసివచ్చెను. 1988 ఏప్రిల్ 14న శామ్యూల్ రాబర్ట్స్ అను అమెరికా యుద్ధనౌకకు మైను తగిలి పెద్ద గండి పడెను. పదిమంది గాయపడిరి, నావికుల శ్రమ వలన ఓడ మునుగలేదు. ఆ మైను 1908 నాటి నమూనాను బట్టి చేసినది. దాని వెల సుమారు 1,500 డాలర్లనియు, ఓడ మరమ్మతునకు సుమారు 9 కోట్ల డాలర్లయ్యెననియు చెప్పుదురు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడుడు. పెట్టుట యెంత తేలికయో, దాని ఫలము ననుభవించుట యెంత బరువో తెలియును.

1991 యుద్ధమున ఇరాకువారు సింధుశాఖ ఉత్తర భాగమున వెయ్యికి పైగా మైనులు పెట్టిరి. ఫిబ్రవరి 18న కొన్ని గంటల వ్యవధిలో ట్రిపోలి, ప్రిన్స్‌టన్ అను రెండు అమెరికా నౌకలు దెబ్బతినెను. ట్రిపోలి మైనులు తీయు పనికే నాయకత్వము వహించిన నౌక యగుట గమనింపదగినది. యుద్ధము వారములలో ముగిసెను. కాని మైనులను ఏరుట నెలల తరబడి సాగెను. బ్రిటనుతో పాటు అనేక దేశముల ఓడలు వచ్చెను. జపాను ఓడలు సయితము వచ్చి 34 మైనులను నాశనము చేసెను.

2003 యుద్ధమున ఉమ్మ్ కసర్ రేవునకు పోవు జలమార్గమును మొదట శుభ్రపరచవలసివచ్చెను. బ్రిటిషు ఓడలతో పాటు, శిక్షణ నొందిన డాల్ఫినులు గల అమెరికా బృందమును ఆ పనిలో పాల్గొనెను. మార్చి 28న సర్ గలహాడ్ అను ఓడ ఆహారము మున్నగు సహాయసామగ్రితో ఆ రేవు చేరెను. వెదకువారు ముందు పోనిదే అన్నము వెనుక రాలేదు.

2006 నుండి బ్రిటిషు మైను ఓడలు బహ్రైన్‌లో ఏండ్ల తరబడి నిలిచియుండెను. సాధారణముగా నాలుగు ఓడలుండెడివి. ఓడలు అచటనే యుండగా నావికులు మాత్రము కొన్ని నెలలకొకసారి మారుచుండిరి. పూర్వపు తొమ్మిదవ అంకెయే ఈ దళమునకును వచ్చెను. 2018 ఏప్రిల్‌లో మీనా సల్మాన్ రేవున వారికి క్రొత్త స్థావరము తెరువబడెను.

ఇంత జాగ్రత్త గలవారికిని పొరపాటు తప్పలేదు. 2024 జనవరిలో చిడింగ్‌ఫోల్డ్ అను ఓడ వెనుకకు నడచి, రేవులోనున్న తమ దళపు బాంగర్‌ను గుద్దెను. బాంగర్‌కు రంధ్రము పడెను గాని అదృష్టవశమున ఎవరికిని గాయములు కాలేదు. మైనులు చేయలేని హాని తమ ఓడ వలననే కలిగెను.

కాలము మారుచున్నది. బహ్రైన్‌లోని అమెరికా మైను ఓడలు నాలుగును 2025 సెప్టెంబరు నాటికి విరమించెను. మనుష్యులు లేకుండ పోవు చిన్న పడవలను బ్రిటిషువారు ఆ జలములలో పరీక్షించిరి. సాధనము మారవచ్చును, ప్రతి వస్తువును ఒక్కొక్కటిగా చూడవలసిన ఓర్పు మాత్రము మారదు.

మన దేశమునందును ఇట్టి పని జరిగినది. మైనులూడ్చు భారతీయ నౌక యొకటి 'కాకినాడ' అను తెలుగు ఊరి పేరు ధరించి 1986 నుండి 2017 వరకు సేవ చేసెను.

బాలిక ప్రశ్న

ఇది చదివిన పిమ్మట ఆ బాలిక మొదటి ప్రశ్నకు మేమేమని చెప్పుదుము? భయము లేదని చెప్పుట అసత్యమగును. యుద్ధము వచ్చినప్పుడెల్ల ఆ నీటిలో మైనులు పడినవి. పడినప్పుడెల్ల వెదకువారును వచ్చిరి. ఈ రెండును నిజమే. వెదకువారి పని ఫలించినచో కనబడునది ఏదియు లేదు. ఓడ మామూలుగా పోవును, అంతియే.

ఆమె తండ్రి సెలవుపై క్షేమముగా ఇల్లు చేరెను. తాను వచ్చిన దారిని ఎవరు వెదకిరో ఆయన యెరుగడు. వెదకినవారు ఆయనను ఎరుగరు.

అభ్యాసము

1. మైనులను ఊడ్చుటకును వెదకుటకును గల భేదమేమి?
2. మైను ఓడల యొడలు ఇనుముతో చేయకపోవుటకు కారణము వ్రాయుము.
3. 1971లో పోయిన దళము మరల రావలసిన అవసరమేల కలిగెను?
4. సముద్రము మీద పనిచేసిన పెద్దలు మీ యింటనో వీధిలోనో యున్నచో, వారు దారిని ఎట్లు గుర్తించెడివారో అడిగి పది వాక్యములలో వ్రాయుము.