తక్కువ ఖర్చులో గిటారు

ఉక్కు తీగల గిటారు కొనేటప్పుడు కంపెనీ పేరు కంటే, పాలిష్ కంటే ముందు చూడవలసింది తీగ ఎత్తు. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఎడం సుమారు రెండున్నర మిల్లీమీటర్లకు మించితే కాసేపటికే వేళ్లు మొరాయిస్తాయి. ముప్పై ఏళ్లు దాటాక మొదలుపెట్టినవారు తమకు చేతకాదనుకుని వదిలేసేది చాలావరకు ఇక్కడే. తప్పు చేతిది కాదు, వాయిద్యానిది. కొంత డబ్బు మిగిల్చి, తెలిసినవారి చేత తీగ ఎత్తు సరిచేయించడం మేలు.

పాత గిటారైతే బేరం కలిసొస్తుంది, పరీక్ష మాత్రం తప్పదు. లావు తీగను మొదటి మెట్టు దగ్గరా, మెడ డొక్కను కలిసే చోటా ఒకేసారి అదిమి మధ్యలో చూడాలి. కాగితం మందం సందు కనిపిస్తే మెడ తిన్నగా ఉన్నట్టు. వేలు దూరేంత ఉంటే వంగినట్టు. ఆరు ఉక్కు తీగలు కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి కాబట్టి డొక్క మీది బ్రిడ్జి లేచిపోయిందేమో కూడా చూడాలి. నైలాన్ తీగలు వేలికి మెత్తన. అయితే నైలాన్ గిటారుకు ఉక్కు తీగలు బిగిస్తే ఆ లాగుడుకు అది ఆగదు. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు ఎండలకు కర్ర ఎండి ముడుచుకుంటుంది. గిటారును రేకుల కప్పు కిందా, కిటికీ ఎండలోనూ ఉంచకూడదు.

శ్రుతికి ఫోన్‌లోని ఉచిత ట్యూనర్ చాలు. లావు తీగ నుంచి వరస: ఇ, ఎ, డి, జి, బి, ఇ.

ఇక ఏం వాయించాలి? కోవిల్‌పట్టి వైపు తెలుగువారికి జవాబు పక్కనే, ఎట్టయపురంలో ఉంది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసిన ఊరది. ఆయన తమ్ముడు బాలుస్వామి మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని, తరవాత ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడయ్యాడు. పరాయి వాయిద్యాన్ని మన చేతికి తెచ్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదన్నమాట. బాలుస్వామి మనవడు సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ఈ ఊళ్లోనే తెలుగులో అచ్చు వేయించాడు. మరుసటి ఏడాది కొత్తగా నేర్చుకునేవారి కోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ తెచ్చి, అందులో నోట్టుస్వరాలను చేర్చాడు.

ఇంగ్లీషు బ్యాండు బాణీలకు ముత్తుస్వామి సంస్కృత సాహిత్యం కట్టినవే నోట్టుస్వరాలు. అన్నీ శంకరాభరణ స్వరాలే, గమకాలు ఉండవు. గిటారు మెట్లకు ఇంతకంటే అచ్చంగా కుదిరే పాఠం మన సంగీతంలో మరొకటి దొరకడం కష్టం. మొదటి నెలలోనే గమకాలే ప్రాణమైన తోడి రాగం జోలికి పోవడం తొందరపాటు.

సన్నని తీగను ఒకటిగా లెక్కిస్తే, అయిదో తీగ మూడో మెట్టు షడ్జం. నాలుగో తీగ వట్టిగా మీటితే రిషభం, రెండో మెట్టు గాంధారం, మూడో మెట్టు మధ్యమం. మూడో తీగ వట్టిది పంచమం, రెండో మెట్టు ధైవతం. రెండో తీగ వట్టిది నిషాదం, మొదటి మెట్టు పై షడ్జం. ఏ మెట్టుకు ఆ సంఖ్య వేలే వాడాలి: మొదటి దానికి చూపుడువేలు, రెండో దానికి మధ్యవేలు, మూడో దానికి ఉంగరపు వేలు. మెట్టు మీద కాదు, దాని వెనక ఆనించి అదమాలి. రోజూ ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చుంటే మిగిలేది వేలినొప్పే. కొన్ని వారాల్లో వేలి కొసలు కాయలు కాస్తాయి.

కార్డులు ఆ తరవాత. సి మేజర్ నుంచి ఎ మైనర్‌కు మారేటప్పుడు ఉంగరపు వేలు ఒక్కటే కదులుతుంది, కనుక ఆ జంటతో మొదలుపెట్టాలి. తరవాత జి. చూపుడువేలితో ఆరు తీగలూ అదమవలసిన ఎఫ్‌ను కొన్ని నెలలు వాయిదా వేసినా నష్టం లేదు. అందాకా సన్నని నాలుగు తీగల మీద పట్టే చిన్న ఎఫ్ సరిపోతుంది.