కువైట్ కాని దేశం

మా వేంపల్లెలో కువైట్‌ను ఎవరూ విదేశమని అనరు. పక్కూరికి పోయినట్టే పోయి వస్తారు. బెంగళూరు కంపెనీల్లో చేరిన పిల్లోళ్ళ పుణ్యమా అని దుబాయ్, సింగపూర్ కూడా చుట్టాల ఊళ్ళ లెక్కలోకి వచ్చేసినాయి. ఇప్పుడు సెలవులకు వచ్చినోళ్ళు నన్ను అడిగేది వేరే. "పెద్దనాయనా, మనోళ్ళు ఎక్కువ పోని దేశం ఏదన్నా చెప్పు" అంటారు. కువైట్‌లో కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంటి డ్రైవర్‌గా ఉండి, తర్వాత కొడుకుల ఖర్చుతో కొంత తిరిగినాను కాబట్టి నా దగ్గరికి వస్తారు. ఒక్కొక్కరికి నోటితో చెప్పే ఓపిక తగ్గింది. అందుకే రాసి పెడుతున్నా.

1. బతుకుదెరువుకు పోయిన దేశాన్నీ, ఆ దారిలో దాటిన దేశాన్నీ చూసిన దేశంగా లెక్కేసుకోవద్దు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ తర్వాత నెలల్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా మనోళ్ళు ఇండియాకు తిరిగొచ్చినారు. ఎక్కువ మందికి దారి జోర్డాన్ మీదుగానే. ఇరాక్ దాటి బస్సుల్లో అమ్మాన్ చేరుకోవాలి, అక్కడ ఎయిరిండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగాలి. ఆ పనికి 488 విమానాలు తిరిగినాయి. ఆ గుంపులో నేనూ ఉన్నా. జోర్డాన్ అంటే చాన్నాళ్ళు నాకు గుర్తొచ్చేది గుడారాలు, రొట్టెల కోసం వరస, పేరు ఎప్పుడు పిలుస్తారా అనే ఎదురుచూపు.

అదే జోర్డాన్‌కు మా ఆడమనిషినీ పిల్లలనూ తీసుకొని మళ్ళీ పోయినప్పుడు, నేను ఆ దేశాన్ని అంతకుముందు చూడనే లేదని తెలిసింది. పెట్రాకు పోయినాము. రెండువేల ఏండ్ల కిందట నబతీయులనే వర్తకులు ఎర్రరాతి కొండలను తొలిచి కట్టుకున్న ఊరది. లోపలికి పోవాలంటే సీక్ అనే సందులో కిలోమీటరుకు పైగా నడవాలి. రెండు పక్కలా నిలువు రాయి, పైన సన్నటి ఆకాశం. గండికోట అంచున నిలబడి పెన్నను చూసినోళ్ళకు ఆ రాయి కొత్తేమీ కాదు. మనం కొండ మీద నుంచి లోయలోకి చూస్తాం, అక్కడ లోయ అడుగున నడుస్తాం.

అందరూ సందు చివర కనబడే ఖజ్నా అనే రాతి కట్టడం ముందు ఫొటోలకు ఎగబడుతుంటే, నేను గోడ వెంట తొలిచిన నీళ్ళ కాలువను చూస్తూ నిలబడిపోయినా. మన కడప జిల్లాలో ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్ల వాన పడితేనే కరువు కరువని మొత్తుకుంటాం. అక్కడ దాంట్లో మూడో వంతు కూడా పడదు. ఆ కాస్త వాననే కాలువల్లో, మట్టి గొట్టాల్లో నడిపించి, రాతి తొట్లలో నిలవేసి ఒక పట్నాన్ని బతికించినారు. వరద సందులోకి దూరకుండా మొదట్లోనే కట్ట వేసి పక్కకు మళ్ళించినారు. ఆ కట్ట పాడైపోయి ఉన్న కాలంలో, 1963లో, ఒక్కసారిగా వరద వచ్చి ఇరవై మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు చనిపోయినారు. కట్టను మళ్ళీ కట్టింది ఆ తర్వాతే. బోర్లు ఎండిపోయిన సేద్యగాడికి ఈ సంగతి చెప్పేందుకు గైడు అక్కర్లేదు.

2. నీ కంటికి ఆనవాలు దొరికే దేశాన్ని ఎంచుకో.

పైదానికి తోకలాంటిదే ఇది. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ వాళ్ళు ఉజ్బెకిస్తాన్ పోతే బుఖారాలో తాకి జర్గరోన్ అనే కంసాలుల బజారు చూడాల. 16వ శతాబ్దపు గుమ్మటం కింద బంగారం బేరాలు నడిచిన చోటది. గుళ్ళు తిరిగే అలవాటున్నోళ్ళకు లావోస్‌లో వట్ ఫూ ఉంది. కొండనే శివుడిగా కొలిచిన చోటు, 2001 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఎవరికీ తెలియని దేశమని ఎగేసుకొని పోయి, అక్కడ మనకు ఏమీ తెలియక హోటల్ గదిలో ఫోను చూసుకుంటూ కూర్చున్నోళ్ళను చూసినా.

3. దేశం పేరు తర్వాత, ముందు వీసా సంగతి చూడు.

ఇక్కడే మా ఊరి కుటుంబాలకు తిరకాసు. ఒకే ఇంట్లో అన్నకు కువైట్ అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి) ఉంటుంది, తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. జార్జియా పోవాలంటే గల్ఫ్ అకామా ఉన్న అన్నకు విడిగా వీసా అక్కర్లేదు. తమ్ముడికి వీసా కావాల. అకామా గడువు ఇంకా ఎంత మిగిలి ఉండాలనే షరతులు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనే వారంలో ఆ దేశపు రాయబార కార్యాలయం సైటులో చూసుకోవాల, వాట్సాప్‌లో వచ్చిన పట్టీని నమ్మకూడదు. కజకిస్తాన్ అయితే 2022 నుంచి మన పాస్‌పోర్టుకు 14 రోజులు వీసా అడగడం లేదు, అన్నదమ్ములిద్దరికీ ఒకటే రూలు.

కువైట్ నుంచి బయల్దేరేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాల. 2025 జులై నుంచి 18వ నంబరు అకామా (ప్రైవేటు కంపెనీల) వాళ్ళు దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాల. సెలవు పెట్టినాను కదా అని నేరుగా ఎయిర్‌పోర్టుకు పోతే వెనక్కి రావాల్సిందే.

వీసా అక్కర్లేదంటే లోపలికి పంపిస్తారని హామీ కాదు. కౌంటర్‌లో కూర్చున్న ఆఫీసరుదే ఆఖరు మాట. రిటర్న్ టికెట్టు, హోటల్ బుకింగు, ఇన్సూరెన్సు, చేతిలో కొంత డబ్బు, అన్నీ కాగితాల మీద తీసి పెట్టుకో. ఫోనులో ఉన్నాయంటే చాలదు, చార్జింగ్ అయిపోయేది సరిగ్గా అప్పుడే.

4. పాస్‌పోర్టు లేని పెద్దోళ్ళను ఇంటికాడ వదిలి పోవద్దు. భూటాన్ ఉంది.

పిల్లలు ఎన్నిసార్లు విన్నా నమ్మరు గానీ, మనకు భూటాన్ పోయేందుకు పాస్‌పోర్టు అక్కర్లేదు. ఓటరు కార్డు ఉంటే చాలు. ఆధార్ మాత్రం సరిపోదు, ఇది జేజికి ముందే చెప్పి పెట్టెలోనుంచి ఓటరు కార్డు వెదికించాల. రైలులో కోల్‌కతా, అక్కడినుంచి హాసిమారా స్టేషను, ఆపైన జైగావ్ గేటు దాటితే ఫుంట్‌షోలింగ్. మనోళ్ళకు తలకు, రాత్రికి 1200 రూపాయలు రుసుము కట్టించుకుంటారు. మన రూపాయికీ వాళ్ళ న్గుల్‌ట్రుమ్‌కూ విలువ ఒకటే, కాబట్టి డబ్బు మార్చే తంటా పెద్దగా ఉండదు.

పారో దగ్గర కొండచరియకు అంటుకున్న తక్త్‌సంగ్ మఠం మూడువేల మీటర్లకు పైన ఉంది. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు సగం దారిలో టీ కొట్టు దగ్గర ఆగి చూసినా మఠం ఎదురుగానే కనబడుతుంది. పట్టుదలకు పోయి పైదాకా ఎక్కి మరుసటి రోజంతా పడుకోవడం తెలివిగల పని కాదు. పునాఖా కోట రెండు నదులు కలిసే చోట ఉంది. పాపాఘ్ని కొండను చీల్చుకొని వచ్చే గండి దగ్గర అంజన్నకు దండం పెట్టుకొని పెరిగిన మా ఆడమనిషి, ఆ నదులు కలిసే చోట నుంచి ఎంత పిలిచినా కదల్లేదు.

ఇంక తిండి. కారానికి మనదే పేరనుకుంటాం. అక్కడ ఎమా దత్షి అని కూర ఉంది. మిరపకాయలను మనం వంకాయలు వండినట్టు వండుతారు, పైన చీజు వేస్తారు. తాలింపులో వేసేది కాదు, కూరే మిరపకాయ. శరత్కాలంలో ఇండ్ల కప్పుల మీద ఎర్రగా ఆరబెట్టిన మిరపకాయలు చూసి మా ఆడమనిషి "మనోళ్ళే" అనేసింది. కారం దోసె తిని పెరిగిన మనవడికి మాత్రం రెండో ముద్దకే కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

5. సినిమాలో చూసిన ఋతువు వేరు, నీకు సెలవు దొరికే ఋతువు వేరు.

మన సీమ వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథతో తీసిన 'సైరా' సినిమా యుద్ధాలు కొన్ని జార్జియాలో తీసినారు. అంతకుముందు 'గౌతమీపుత్ర శాతకర్ణి' షూటింగు కూడా అక్కడ జరిగింది. ఆ పచ్చిక చూసి డిసెంబరులో టికెట్టు కొంటే దొరికేది మంచు. అక్కడి కజ్బేగి అనే ఊరికి పోయే కొండదారిని మంచు పడితే మూసేస్తారు. వేంపల్లె ఎండకు అలవాటైన ఒంటికి మే, జూన్, సెప్టెంబరు సరిపోతాయి.

6. అన్నం దొరకదని భయపడేవాళ్ళు చెనక్కాయల పొడి పెట్టుకోండి, చాలు.

జార్జియాలో చిక్కుడుగింజల కూర, అక్రోటు ముద్ద పెట్టిన వంకాయ శాకాహారులకు బాగుంటాయి. మా ఊరి ముస్లిం కుటుంబాలకు ఉజ్బెకిస్తాన్‌లో హలాల్ వెదుక్కునే పనే లేదు. లావోస్‌లో పులియబెట్టిన చేపల నీళ్ళు కూరగాయల వంటల్లోకి కూడా పోస్తారు, మాంసం ముట్టనోళ్ళు ముందే అడగాల.

7. ఒక దేశం గురించి తెలుగు పేపర్లో రాకపోతే అక్కడ ఏమీ జరగలేదని కాదు.

2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల మీద దాడులు జరిగినప్పుడే మనోళ్ళు చాలామందికి కిర్గిజ్‌స్తాన్ పేరు తెలిసింది. వైద్యం చదివే మన పిల్లలు అప్పటికే చాలా మంది అక్కడ ఉన్నారు. 2025 మేలో పాకిస్తాన్‌తో గొడవ ముదిరినప్పుడు అజర్‌బైజాన్ వాళ్ళ పక్షం మాట్లాడిందని మనోళ్ళు బుకింగులు రద్దు చేసుకున్నారు. టికెట్టు కొనే ముందు డబ్బు వెనక్కి వచ్చే షరతు ఏముందో చదువుకోండి. ఏజెంటు నోటిమాటతో "మొత్తం వెనక్కి ఇస్తాం" అంటే ఆ మాట కాగితం మీద రాయించుకోవాల. టూర్ ప్యాకేజీ మీద పట్టుకునే టీసీఎస్ అనే పన్ను పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి తిరిగి తెచ్చుకోవచ్చు.

8. ఒక్క పర్యటనకు ఒక్క దేశం.

ఈ ఒక్కదానిలో మా కోడలితో నాకు పడదు. జార్జియా, అర్మేనియా, అజర్‌బైజాన్ మూడూ ఒక వారంలో చుట్టేద్దామని ఆమె లెక్క. మ్యాపులో మూడూ ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి మరి. కానీ అర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య సరిహద్దు మూసి ఉంది. 2020 నుంచి అజర్‌బైజాన్ తన రోడ్డు సరిహద్దులను మామూలు ప్రయాణికులకు తెరవలేదు కూడా. అంటే తిరిగి తిరిగి జార్జియా రాజధాని త్బిలిసీకే రావాల, విమానానికి మళ్ళీ కట్టాల.

నేనైతే అర్మేనియా ఒక్కటే చాలంటున్నా. ప్రపంచంలో మొదటి అర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' అచ్చయింది 1794లో మన మద్రాసులో. కడప నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారి దిగే ఊళ్ళో ఆ పనిచేసిన మనుషుల దేశం ఎట్లుంటుందో చూడాలని ఉంది. కోడలు ఇంకా ఒప్పుకోలేదు.