మొక్కల తోటలో పురుగుల లెక్క



బొటానికల్ గార్డెన్ అంటే షికారు స్థలం మాత్రమే కాదు. దేశదేశాల మొక్కలు ఒకేచోట పెరిగే ఆ తోట మన పొలాలకు కాపలాదారు కూడా. కొత్త పురుగు ముందుగా అక్కడ కనపడితే రైతు జాగ్రత్త పడవచ్చు.

ఉదాహరణకు బొప్పాయి పిండినల్లి. మెక్సికో ప్రాంతానికి చెందిన ఈ పురుగును మన దేశంలో 2008లో కోయంబత్తూరులో గుర్తించారు. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలతో పాటు మందార మొక్కల రసాన్నీ పీల్చేసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించిన అసెరోఫేగస్ పపాయే అనే పరాన్నజీవి దాన్ని అదుపు చేసింది.

మనం గమనించవలసిన పద్ధతి:

1. వారానికోసారి అవే మొక్కలను చూడాలి.
2. ఆకుల అడుగుభాగాన్ని, లేత చిగుళ్లను భూతద్దంతో పరిశీలించాలి.
3. దూదిలాంటి తెలుపు, జిగురు, నల్లని మసి, చీమల బారులు ప్రమాద సూచనలు.
4. తేదీ, మొక్క పేరు, పురుగుల సంఖ్య రాయాలి. ఏమీ లేకుంటే సున్నా అని రాయాలి. సున్నా ఎప్పుడు ఒకటయిందో తెలిస్తేనే పురుగు ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది.
5. మిత్రపురుగులు ఉన్నాయేమో చూడకుండా మందు కొట్టకూడదు.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్నవాళ్లం. తోట ఎండితే పోయేది మన అమ్మానాన్నల కూలి. కనుక ఈ చదువు మనకు పరీక్ష కోసం మాత్రమే కాదు. ఒక నోటుపుస్తకం, ఒక భూతద్దం చాలు. మన హాస్టల్ మందార మొక్కతోనే మొదలుపెడదాం.