ధాన్యపు ధూళి వల్ల కలిగే దీర్ఘకాలిక వ్యాధులలో టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా పాత్ర

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో వరి ప్రధానమైన పంట. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు, ముఖ్యంగా ఉప్పుడు బియ్యం తయారీకి పేరుపొందింది. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్‌కు ప్రతి సీజనులో పెద్ద ఎత్తున ధాన్యం చేరుతుంది. కల్లంలో తూర్పారబట్టే కూలీలు, యార్డులో బస్తాలు మోసే హమాలీలు, మిల్లులో ఊక, తవుడు ఎత్తే కార్మికులు రోజంతా ధూళిని పీలుస్తారు. వీరిలో కొందరికి దగ్గు, ఆయాసం ఏళ్ల తరబడి ఎందుకు కొనసాగుతాయో తెలియాలంటే టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా అనే సంకేత ప్రోటీను పనితీరును గ్రహించాలి.

ప్రోటీను స్వభావం

కణితులను నశింపజేసే కారకంగా ఈ ప్రోటీనుకు 1975లో పేరు పెట్టారు. దీని జన్యువును 1984లో వేరుచేశారు. ఇది ప్రధానంగా మాక్రోఫేజ్‌లనే భక్షక కణాల నుండి వెలువడుతుంది. ఇతర కణాలపై గల రెండు రకాల గ్రాహకాలకు అతుక్కొని, ఎన్.ఎఫ్.-కప్పా బి మార్గాన్ని ఉత్తేజపరుస్తుంది. ఫలితంగా తెల్లరక్తకణాలు రక్తనాళాల నుండి కణజాలంలోకి చేరుతాయి. వాపు, జ్వరం కలుగుతాయి. సూక్ష్మజీవి నశించగానే ఈ స్పందన తగ్గితే అది రక్షణ. తగ్గకుండా కొనసాగితే అదే వ్యాధి.

ధూళి నుండి వ్యాధి వరకు

ధాన్యపు ధూళిలో బాక్టీరియాల ఎండోటాక్సిన్, బూజు సిద్ధబీజాలు, ఊక నుండి వచ్చే సిలికా ఉంటాయి. ఎండోటాక్సిన్‌ను మాక్రోఫేజ్‌లు టి.ఎల్.ఆర్.-4 గ్రాహకం ద్వారా గుర్తించి టి.ఎన్.ఎఫ్.ను విడుదల చేస్తాయి. తడిసి వేడెక్కిన గడ్డిలో, ధాన్యంలో పెరిగే థర్మోఫిలిక్ ఆక్టినోమైసిటీస్‌కు సున్నితత్వం ఏర్పడిన వారిలో, ఆ ధూళి పీల్చిన 4 నుండి 8 గంటల తరువాత చలిజ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి. దీనినే 'రైతు ఊపిరితిత్తి' వ్యాధి అంటారు. ఇది పదేపదే వస్తే ఊపిరితిత్తుల కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. అలా గట్టిపడిన భాగం తిరిగి మామూలు స్థితికి రాదు.

చికిత్స - హెచ్చరిక

కీళ్లవాతం వంటి వ్యాధులలో టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్సెప్ట్ మందులు 1998 నుండి అమెరికాలో వాడుకలోకి వచ్చాయి. అయితే క్షయ క్రిములను కణగుచ్ఛాలలో బంధించి ఉంచేది కూడా ఈ ప్రోటీనే. దీనిని అడ్డుకుంటే అణగి ఉన్న క్షయ తిరిగి తలెత్తవచ్చు. అందువల్ల ఈ మందులకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. రైతు ఊపిరితిత్తి వ్యాధికి మాత్రం మొదటి చికిత్స ధూళికి దూరంగా ఉండటమే.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. కొనుగోలు కేంద్రాలలో అనుమతించే 17 శాతం తేమ అమ్మకానికి సంబంధించిన పరిమితి. దీర్ఘకాలం నిల్వ చేసే ధాన్యాన్ని 14 శాతం లోపుకు ఆరబెట్టించాలి.

2. ముఖానికి చుట్టుకునే తువాలు సన్నని ధూళిని ఆపలేదు. ఎన్-95 మాస్కు వాడకాన్ని ప్రదర్శించి చూపాలి.

3. పని చేసిన రోజు సాయంత్రం జ్వరం వచ్చి, సెలవు రోజుల్లో తగ్గుతున్నదా అని అడగాలి. అవునంటే ఛాతీ వైద్యుని వద్దకు పంపాలి. సొంతంగా స్టెరాయిడ్లు కొని వాడవద్దని చెప్పాలి.

ధూళికి దూరంగా ఉండమనే సలహా దినకూలీకి పని మానుకోమన్నట్లే అవుతుంది. కనుక ఊక గొట్టాల వద్ద, జల్లెడల వద్ద ధూళిని లాగే యంత్రాలు అమర్చేలా మిల్లు యజమానులను ఒప్పించడం కూడా విస్తరణ కార్యక్రమంలో భాగం కావాలి.