తేజస్ ఎందుకు పల్టీ కొట్టదు?

సంక్రాంతి సెలవులకి మా మరిపెడ వెళ్లినప్పుడు, తమ్ముడు పాత నోట్‌బుక్ పేజీతో రాకెట్ చేసి వదిలాడు. అది పైకి లేచి, పల్టీ కొట్టి, వాడి కాళ్ల దగ్గరే పడింది. "అన్నా, నువ్వు ఇంజనీరింగ్ కదా, ఇదెందుకు పడ్తంది?" అన్నాడు. నాది సీఎస్ఈ అని తప్పించుకోబోయా. సరే చూద్దామని ముక్కుకి ఒక జెమ్ క్లిప్ పెట్టాం. వాకిలి దాటి నేరుగా వెళ్లింది. అదే క్లిప్ తోకకి పెడితే మళ్లీ పల్టీ. ఎందుకో చెప్దామంటే నాకు తెలుగులో మాట రాలేదు. ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నా.

రెండు బిందువులు

విమానంలో రెండు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒకటి గరిమనాభి, అంటే మొత్తం బరువు ఉన్నట్టు లెక్కేసే చోటు. రెండోది న్యూట్రల్ పాయింట్. గాలి తోపుకి ముక్కు కాస్త లేస్తే రెక్కల మీద లిఫ్ట్ పెరుగుతుంది. ఆ పెరిగిన లిఫ్ట్ పనిచేసే చోటే ఇది. గరిమనాభి దీనికంటే ముందుంటే, ఆ లిఫ్ట్ వెనక భాగాన్ని ఎత్తి ముక్కుని దించుతుంది. విమానం దానంతట అదే సర్దుకుంటుంది. స్థిరత్వం అంటే ఇదే. గరిమనాభి వెనక ఉంటే లేచిన ముక్కు ఇంకా లేస్తుంది. రాకెట్ పల్టీ అదే.

ధ్వని వేగం దాటితే

అలా అయితే బరువంతా ముందే పెడితే పోలా? ఇక్కడే చిక్కు. ధ్వని వేగం లోపల ఈ లిఫ్ట్ రెక్క ముందు అంచు నుంచి సుమారు పావు వంతు దూరంలో పనిచేస్తుంది. ధ్వనిని దాటాక సగం దాకా జరుగుతుంది. రెండు బిందువుల మధ్య దూరం పెరిగి, విమానం మరీ మొండిగా తయారవుతుంది. ముక్కు ఎత్తి ఉంచడానికి రెక్క వెనకంచు పలకల్ని బాగా పైకి తిప్పాలి. దాంతో గాలి నిరోధం పెరుగుతుంది, లిఫ్ట్ తగ్గుతుంది. కాంకార్డ్ అయితే ఇంధనాన్ని వెనక ట్యాంకుకి పంప్ చేసి గరిమనాభినే జరిపేది. యుద్ధ విమానానికి అంత తీరిక ఎక్కడిది?

అందుకే తేజస్‌ని కావాలనే అస్థిరంగా డిజైన్ చేశారు. ముఖ్య రూపకర్త కోట హరినారాయణ గారు తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా కూడా పనిచేశారు. ముక్కు లేవగానే సెన్సార్లు పసిగడతాయి, కంప్యూటర్ పలకల్ని కదుపుతుంది. అంత వేగంగా మనిషి చెయ్యి ఆడదు.

ఆ కోడ్ మీద అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజనీర్లు 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆంక్షల వల్ల తిరిగి రావాల్సి వచ్చింది. మిగతాది ఇక్కడే పూర్తి చేశారు. 2001 జనవరి 4న బెంగళూరులో రాజీవ్ కొఠియాల్ ఆ కోడ్‌ని నమ్మి గాల్లోకి లేచారు. 2003 ఆగస్టు 1న తేజస్ ధ్వని వేగం దాటింది.

నమ్మకం ఊరికే రాదు. 1989లో స్వీడన్ గ్రిపెన్ తొలి నమూనా దిగేటప్పుడు కూలిపోయింది. పైలట్ కదలికలూ కంప్యూటర్ దిద్దుబాట్లూ ఒకదానికొకటి పడక విమానం ఊగిపోయింది. పైలట్ బతికాడు.

ఇదంతా విని తమ్ముడు అడిగాడు: "మరి కంప్యూటర్ ఆగిపోతే?" అందుకే తేజస్‌లో ఒకే పనిని నాలుగు ఛానళ్లు చేస్తాయి, ఒకటి తప్పితే మిగతావి పట్టేస్తాయి అని చెప్పా. కానీ నాలుగింటిలోనూ ఒకే తప్పు కోడ్ ఉంటే? ల్యాబ్‌లో మైనస్ గుర్తు మర్చిపోతే నాకు పోయేది రెండు మార్కులు. కంట్రోల్ సిస్టమ్స్ మన బ్రాంచ్ గొడవ కాదులే అనుకునే సీఎస్ఈ మిత్రులారా, హాస్టల్ వరండాలో ఒక రాకెట్, ఒక క్లిప్‌తో మొదలుపెట్టండి.