కథ చెబితే మాట పెరుగుతుందా?

బాలలూ! మీ ఇంట్లో మూడు నాలుగేళ్ల తమ్ముడో చెల్లెలో ఉన్నారా? అమ్మ పలాసలో జీడిపప్పు పనికో, నాన్న సముద్రం మీదికి వేటకో వెళ్లినప్పుడు ఆ పసివాళ్లను ఆడించే పని మీదే కదా! అది చిన్న పని అనుకోకండి. వాళ్లకు మాట వచ్చే వయసు అదే. ఆ మాట ఎలా వస్తుందో తెలుసుకుందాం.

చెవి ముందు, నోరు తరువాత

బిడ్డ తల్లి కడుపులో ఉండగానే వినడం మొదలుపెడుతుంది. ఆరేడు నెలలకు "బబబ, దదద" అంటుంది. సుమారు ఏడాదికి తొలి మాట, రెండేళ్ల ప్రాంతంలో "అమ్మ రా" వంటి రెండు మాటల జోడింపు వస్తాయి.

'త'కూ 'ట'కూ తేడా మనకు వెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దవాళ్లకు అది అంత సులభం కాదు. అయితే ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ఈ తేడాను గుర్తించారని, ఏడాది నిండే సరికి ఆ శక్తి బాగా తగ్గిందని కెనడాలో వెర్కర్, టీస్ అనే శాస్త్రజ్ఞులు 1984లో చూపారు. అంటే చెవి తన చుట్టూ వినబడే భాషకు తగ్గట్టు తయారవుతుందన్నమాట.

ఫోను చాలదా?

మరి ఫోనులో కథ పెడితే సరిపోదా? 2003లో పెట్రీషియా కుల్ బృందం ఈ ప్రశ్ననే పరీక్షించింది. తొమ్మిది నెలల అమెరికా పిల్లల్లో కొందరితో మనుషులే ఎదురుగా కూర్చుని చైనా భాషలో మాట్లాడుతూ ఆడారు. మరికొందరికి అదే భాషను వీడియోలో చూపారు. చైనా ధ్వనులను నేర్చుకున్నవారు మొదటి జట్టు పిల్లలే. పసివాడికి తన ముఖం చూసి, తనకు బదులు చెప్పే మనిషి కావాలి.

అడగండి, పెంచండి

కథ చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది. అమెరికాలో వైట్‌హర్స్ట్ బృందం, బొమ్మల పుస్తకం చదివేటప్పుడు ప్రశ్నలు అడగమనీ, పిల్లల మాటను పెంచి చెప్పమనీ కొందరు తల్లిదండ్రులకు నేర్పింది. ఒక్క నెలలోనే ఆ పిల్లలు మాట్లాడే పరీక్షల్లో ముందంజ వేశారు. ఈ ఫలితాలు 1988లో వెలువడ్డాయి.

మనమూ ప్రయత్నిద్దాం. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు వచ్చి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఆ పిట్ట కథే చెప్పండి. కొబ్బరి చిప్ప గూడు. పనసాకు పిట్ట. పెద్ద ఆలిచిప్ప చేప. కొబ్బరి మట్ట ముక్క చెట్టు. ఉద్దానంలో వీటికి కొదవేమిటి?

పిట్టను ఎగరేస్తూ "ఎక్కడికెళ్లింది?" అని అడగండి. తరువాత "ఎందుకెళ్లింది?", "వానొస్తే పిల్లలేం చేస్తాయి?" అనండి. పాప "పిట్ట చేప" అంటే, "అవును, పిట్ట పెద్ద చేపను తెచ్చింది" అని నింపండి. జవాబు కోసం కాసేపు ఆగండి. తొందరపెట్టకండి.

జాగ్రత్త! నోట్లో పట్టే చిన్న గవ్వలు, గింజలు ఇవ్వకూడదు. గొంతుకు అడ్డం పడతాయి. పచ్చి జీడిపిక్కలు అసలే వద్దు. వాటి తొక్కలోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది.

తప్పులో తెలివి

పసివాడు "ఇళ్లు" అనకుండా "ఇల్లులు" అంటే నవ్వకండి. ఆ మాటను వాడు ఎవరి దగ్గరా వినలేదు; 'లు' చేర్చాలన్న సూత్రాన్ని తానే పట్టాడు! 1958లో జీన్ బెర్కో పిల్లలకు ఒక వింత జీవి బొమ్మ చూపి, "ఇది వగ్" అని చెప్పింది. రెండింటిని చూపగానే, ఎన్నడూ వినని ఆ మాటకు పిల్లలు తామే బహువచనం చేశారు.

పాప "ఏటి?" అంటే "ఏమిటి అనాలి" అని ఆపవద్దు. ఇంటి మాటే చదువుకు పునాది. మన పక్కనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు (1863-1940) సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు ఆ భాషలోనే పుస్తకాలు రాశారు.

చేసి చూడండి

ఇంచుమించు ఒకే పొడవున్న రెండు కథలు తీసుకోండి. ఒకటి ఊరికే చెప్పండి. రెండోది వస్తువులతో, ప్రశ్నలతో చెప్పండి. ఒక్కో కథ చెప్పిన మర్నాడు దాన్ని పాపచేత తిరిగి చెప్పించండి. ఎన్ని వాక్యాలు చెప్పింది? "తరువాత", "అందుకని" ఎన్నిసార్లు వచ్చాయి? రాసుకోండి. మీ స్నేహితుడు తన తమ్ముడితో కథలను తారుమారు చేసి చూడాలి. లేకపోతే తేడా పద్ధతి వల్ల వచ్చిందో, కథ వల్ల వచ్చిందో తేలదు. ఇద్దరు పిల్లలతోనే నిర్ణయానికి రాకండి. తరగతిలో అందరి లెక్కలూ కలపండి.

చివరిగా ఒక మాట. శబ్దానికి తల తిప్పని బిడ్డ, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపని బిడ్డ మీ ఇంట్లో ఉంటే అమ్మానాన్నలకు చెప్పండి. అంగన్‌వాడీ టీచరునో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరునో అడిగి వినికిడి పరీక్ష చేయించాలి. వినికిడి లోపాన్ని ఎంత తొందరగా గుర్తిస్తే ఆ బిడ్డకు అంత మేలు.